గుల్మార్గ్‌లో మంచు ఉందా? ఆ ఒక్క ప్రశ్న చాలదు

2024 జనవరిలో సంక్రాంతి సెలవులు మొదలవగానే మా అన్నయ్య కుటుంబం కశ్మీర్ బయలుదేరింది. భోగి నాటికి అంబాజీపేట తిరిగి చేరాలన్నది లెక్క. మూడో రోజు ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. వదిన, ఇద్దరు పిల్లలు మోకాళ్ల దాకా వచ్చే లావుపాటి కోట్లు తొడుక్కుని నిలబడి ఉన్నారు. వెనుక దేవదారు చెట్లు. కాళ్ల కింద మాత్రం కోతలైపోయిన వరిచేనులా ఎండిన గడ్డి. అమ్మ ఆ ఫొటోను పెద్దది చేసి, చిన్నది చేసి చూసి, "మంచు ఏదిరా?" అంది. అది గుల్మార్గ్. ప్యాకేజీ అమ్మినవారి కరపత్రంలో ఇంటి చూరు దాకా మంచు పేరుకుని ఉంది. బయలుదేరే ముందు అన్నయ్య వారిని అడిగాడు కూడా, మంచు ఉంటుందా అని. కశ్మీరులో జనవరిలో మంచు లేకపోవడమేమిటండీ అని జవాబు వచ్చింది.

ఆ ఏడాది నిరాశతో తిరిగి వచ్చింది మావాళ్లొక్కరే కాదు. 2023 డిసెంబరులోను, 2024 జనవరిలో చాలా రోజులపాటు గుల్మార్గ్ వాలులు బోసిగానే ఉన్నాయి. గట్టి మంచు పడడానికి జనవరి ఆఖరు రావలసి వచ్చింది. ఆ తరువాత కురిసిన మంచు మీదే ఫిబ్రవరి 21 నుంచి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు జరిగాయి. మరుసటి ఏడాది, 2025లో, అదే ఫిబ్రవరిలో మంచు చాలక ఆ క్రీడలు వాయిదా పడి మార్చి 9న మొదలయ్యాయి. ఊరు అదే, నెల అదే. నేల మీద పరిస్థితి మాత్రం పూర్తిగా వేరు.

నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి. గోదావరి సంగతి వస్తే మా అన్నయ్య ఇలాంటి ప్రశ్న ఎన్నడూ వేయడు. వరద వచ్చిందా అని అడిగి ఊరుకోడు. భద్రాచలంలో పెరుగుతోందా, నిలకడగా ఉందా? ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులు? 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏ అంకెకు ఏ లంకలోకి నీరెక్కుతుందో, ఎన్ని గంటల్లో ఎక్కుతుందో అతనికి కంఠతా వచ్చు. ఒకచోట కొలిచిన అంకెను తన ఊరికి, తన తోటకు సరిపోయేలా చదువుకోవడం డెల్టాలో చిన్నప్పుడే అబ్బే విద్య. మంచును చదవడానికీ ఆ విద్యే కావాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎలాంటిది అని అడగగలిగితే సగం చిక్కు వీడుతుంది.

అసలు చిక్కు మన మాటలోనే మొదలవుతుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున కొబ్బరితోటలను కమ్మేసేది మంచు. గడ్డిపరక మీద నిలిచే బొట్టు మంచు. మామిడిపూతను మాడ్చేస్తుందని రైతు భయపడేదీ మంచే. హిమాలయం నెత్తిన మెరిసేదీ మంచే. అదే నీటి విషయానికొస్తే మనం ఇంత పొదుపుగా మాట్లాడం: ఎర్రనీరు, ఊటనీరు, మురుగునీరు, పోటుకు ఎగదన్నే ఉప్పునీరు, దేని పేరు దానిదే. నీరు మన బతుకు కనుక పేర్లు పెట్టుకున్నాం. మంచు మన బతుకులో లేదు కనుక ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం.

ఈ ఒక్క మాట వల్లే ఏటా ఎందరో లంబసింగికి కార్లు కట్టుకుని వెళ్లి, "మంచు పడింది" అని ఫొటోలు పెడతారు. చింతపల్లి దగ్గరి ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలపు రాత్రుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటే నేలలోని వేడి అడ్డు లేకుండా పైకి వెళ్లిపోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి లోయల్లోకి దిగి నిలుస్తుంది. గడ్డి మీది తేమ గడ్డకట్టి తెల్లని పొరవుతుంది. అది నేల మీద పుట్టిన మంచు, ఆకాశం నుంచి రాలినది కాదు. రాలే మంచుకు మేఘం కావాలి. మేఘం కమ్మితే అదే దుప్పటిలా పనిచేసి రాత్రి చలిని తగ్గిస్తుంది. మన కొండల్లో గడ్డకట్టే చలీ, కురిసే మేఘమూ ఒకే రాత్రి కలిసి రావు. అందుకే లంబసింగిలో ఎంత వణికినా హిమపాతం చూడలేం.

చలి ఎక్కువగా ఉంటే మంచు పడుతుందన్న నమ్మకం కశ్మీరులోనూ తప్పుతుంది. అక్కడ డిసెంబరు 21 నుంచి నలభై రోజుల తీవ్రమైన చలికాలాన్ని చిల్లై కలాన్ అంటారు. తరువాతి ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, ఆపై పది రోజులు చిల్లై బచ్చా. మన రైతులకు కార్తెలు ఎలాగో అక్కడివారికి ఇవి అలాగ. ఆ నలభై రోజుల్లో పడిన మంచు గట్టిపడి నిలుస్తుంది, వేసవి దాకా కొండకు అంటిపెట్టుకుని ఉంటుంది. ఆలస్యంగా పడినది త్వరగా కరిగిపోతుంది. అయితే చిల్లై కలాన్ చలికి హామీ, మంచుకు కాదు. మబ్బు లేని పొడి రాత్రుల్లోనే శ్రీనగర్‌లో చలి మరింత ముదురుతుంది. ఆ చలిని చూసి మంచు వస్తుందనుకుంటే పొరపాటు.

మంచును మోసుకొచ్చేవి పడమటి నుంచి వచ్చే అలజడులు. వాతావరణ శాఖ వాటిని వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటుంది. మన తుపాను వెచ్చని బంగాళాఖాతం మీద పుట్టి, సముద్రపు వేడినే తిని బలుస్తుంది, నేల తాకగానే నీరసిస్తుంది. పడమటి అలజడి అలాంటిది కాదు. ఉత్తరపు చల్లగాలికీ దక్షిణపు వెచ్చగాలికీ మధ్య ఉండే తేడాయే దానికి బలం. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, అక్కడి తేమను, దారిలో కాస్పియన్, అరేబియా సముద్రాల తేమను కూడగట్టుకుని, ఎత్తున వీచే పడమటి వాయుప్రవాహం మీద ఎక్కి వస్తుంది. హిమాలయం అడ్డు తగలగానే గాలి పైకి లేచి, చల్లబడి, తేమను మంచుగా రాలుస్తుంది. చలికాలంలో నెలకు సుమారు నాలుగైదు వస్తాయి గాని అన్నీ బలమైనవి కావు. వాయుప్రవాహం కాస్త ఉత్తరానికి జరిగితే కశ్మీరు మీదుగా రాకుండానే దాటిపోతాయి. 2023-24 శీతాకాలపు మొదటి సగంలో లోపించినవి ఈ బలమైన అలజడులే. మన దగ్గర కార్తీకంలో అల్పపీడనాలు ముఖం చాటేస్తే ఎలా ఉంటుందో అలాంటి లోటు అది.

కశ్మీరు రైతుకు ఆ లోటు విహారయాత్రికుడి నిరాశ కంటే ఎన్నో రెట్లు పెద్దది. మన గోదావరి త్ర్యంబకం కొండల్లో వానకు పుట్టి వానతోనే బతికే నది. అక్కడి జీలం వసంతంలో, వేసవిలో చాలావరకు కొండ మీది మంచు కరిగితేనే నిండుగా ఉంటుంది. అక్కడా వరి పండుతుంది, నాట్లకు నీరు కావాలి. దాళ్వాకు సీలేరు నీటి కోసం మన రైతు ఎలా ఎదురుచూస్తాడో, చిల్లై కలాన్ మంచు కోసం ఆ రైతు అలా ఎదురుచూస్తాడు. మంచు లేని గుల్మార్గ్‌ను చూసి "డబ్బు దండగ" అనుకునే ముందు ఇది గుర్తుండాలని నా కోరిక. స్లెడ్జి లాగే మనిషికి, గుర్రం నడిపేవాడికి, స్కీయింగ్, అంటే కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని మంచు మీద జారడం, నేర్పేవాడికి ఆ రోజు కూలి కూడా లేదు.

ఇక ఎత్తు సంగతి. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. గుల్మార్గ్ మైదానం సుమారు 2,650. అక్కడి నుంచి గొండోలా అనే తీగమార్గం రెండు దశల్లో ఎక్కుతుంది. 1998లో మొదలైన మొదటి దశ కోంగ్‌డోరి వరకు, అంటే సుమారు 3,100 మీటర్ల దాకా. 2005లో వచ్చిన రెండో దశ అఫర్వట్ కొండ భుజం వరకు, దాదాపు 3,950 మీటర్ల దాకా. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అంటే గుల్మార్గ్ బజారులో 3 డిగ్రీలుంటే అఫర్వట్ భుజం మీద మైనస్ 5 దాకా ఉండవచ్చు. ఒకే మబ్బు శ్రీనగర్‌లో వానగా, గుల్మార్గ్‌లో తడిమంచుగా, పైన పొడిమంచుగా రాలడం మామూలే. కాబట్టి "గుల్మార్గ్‌లో మంచు ఉంది" అన్న మాట ధవళేశ్వరం పేరెత్తకుండా "గోదావరి పెరిగింది" అన్నట్టే ఉంటుంది. మైదానంలోనా, కోంగ్‌డోరిలోనా, అఫర్వట్‌పైనా? ఈ మూడు జవాబులూ ఒకే రోజు వేర్వేరుగా ఉండవచ్చు.

అంకెలు చెప్పేటప్పుడు కూడా రెండింటిని కలిపేస్తుంటారు. నిన్న 30 సెంటీమీటర్లు పడింది అనేది ఒకటి, నేల మీద మొత్తం 120 సెంటీమీటర్లు పేరుకుని ఉంది అనేది మరొకటి. ఎండిన గడ్డి మీద పడిన 30 సెంటీమీటర్లు రెండు రోజుల్లో కుంగి సగానికి వస్తాయి. కరగనక్కరలేదు, తన బరువుకే అణిగిపోతుంది. పాత పునాది మీద పడితే అవే 30 సెంటీమీటర్లు పండగ. తాజా మంచులో నీరు బహు తక్కువ: రమారమి 10 సెంటీమీటర్ల మంచు కరిగితే ఒక సెంటీమీటరు నీరు. మీటరు మంచు అంటే 10 సెంటీమీటర్ల వాన అన్నమాట. ఒక్క తుపాను రోజున 20 సెంటీమీటర్ల వానను చూసిన కోనసీమవాసికి ఈ లెక్క సులభంగా పడుతుంది: అదే వాన గడ్డకట్టే చలిలో కురిస్తే మనిషి మునిగే ఎత్తు మంచవుతుంది.

ఎంత ఉంది అన్నదాని కంటే ఎలాంటిది ఉంది అన్నదే స్కీయింగ్‌కు ముఖ్యం. స్కీ పలక జారేది పొడి మంచు మీద అనుకుంటాం గాని, నిజానికి రాపిడికి కరిగి ఏర్పడే పలుచని నీటి పొర మీద జారుతుంది. చలి మరీ ఎక్కువైతే ఆ పొర సరిగా ఏర్పడదు, మంచు ఇసుకలా పట్టేస్తుంది. నీరు మరీ ఎక్కువైతే పలక అతుక్కుపోతుంది. దమ్ము చేసిన చేలో నడిచినవారికి చెప్పనక్కరలేదు: పాదానికి నేల ఒక్కటే అయినా, నీరు కాస్త మారితే నడక మారిపోతుంది.

చలి గాలిలో రాలిన తాజా మంచు ఊక కంటే తేలికగా, దూదిలా ఉంటుంది. అనుభవజ్ఞులు దేశదేశాల నుంచి అఫర్వట్‌కు వచ్చేది దీని కోసమే. కొత్తవారికి మాత్రం ఇది కష్టం, మోకాలి లోతు దిగబడి పడితే లేవడానికే పావుగంట పడుతుంది. వారికి కావలసింది యంత్రంతో అణిచి చదును చేసిన వాలు. సాయంత్రం యంత్రం మంచును తొక్కి చారలు చారలుగా సర్దితే, రాత్రి చలికి రేణువులు ఒకదానికొకటి అంటుకుని గట్టిపడతాయి. కళ్లం చదును చేసి అలికి ఆరబెట్టినట్టు ఉంటుంది పొద్దున్నే. రెండు మూడు రోజులు ఎండ కాసి రాత్రి గడ్డకడితే అదే వాలు ఉదయం గాజుపలక, పది పదకొండు గంటలకు పైపొర మెత్తబడి కల్లుప్పు రాశి, మధ్యాహ్నానికి తడిముద్ద. వసంతంలో స్కీయింగ్ చేసేవారు గంటలు చూసుకుని వాలు ఎంచుకునేది ఇందుకే. ఉత్తరానికి తిరిగిన వాలు ఎండ తక్కువగా తగిలి మంచును ఎక్కువ రోజులు కాపాడుతుంది. మన పడమటింటి గోడ, ఉత్తరపు గోడ ఒకేలా వేడెక్కవు కదా, కొండ కూడా అంతే.

యంత్రంతో మంచు చేయకూడదా అని మా మేనకోడలు అడిగింది. చేస్తారు. సన్నటి నీటి తుంపరను ఒత్తిడి గాలితో చిమ్మితే నేల చేరేలోగా గడ్డకడుతుంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ దాదాపు పూర్తిగా అలాంటి మంచు మీదే జరిగాయి. అయితే దానికి చల్లదనం ఒక్కటే చాలదు, గాలి పొడిగానూ ఉండాలి. గాలి పొడిగా ఉంటే తుంపరలోంచి కొంత నీరు ఆవిరై మిగిలినదాన్ని చల్లబరుస్తుంది. మే నెల ఉక్కపోతలో మన చెమట ఆరక శరీరం చల్లబడనట్టే, తేమ గాలిలో తుంపరా చల్లబడదు. పైగా నీరు, కరెంటు విపరీతంగా కావాలి. ఉత్తరాఖండ్‌లోని ఔలిలో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం ఇలాంటి యంత్రాలు పెట్టారు. అయినా ఆ తరువాతి ఏళ్లలోనూ మంచు చాలక ఔలిలో పోటీలు రద్దయ్యాయి. వెచ్చని శీతాకాలాన్ని యంత్రం ఎదిరించలేదు.

అందరూ తేలిగ్గా తీసుకునే విషయం ఒకటుంది, నేను దాని దగ్గర కాస్త ఆగుతాను. హిమపాతం వేరు, హిమసంపాతం వేరు. మొదటిది కురవడం, రెండోది కొండ మీది మంచు ఒక్కసారిగా జారి పడడం. 2023 ఫిబ్రవరి 1న అఫర్వట్ వాలులో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న గుల్మార్గ్ ఎగువన ఒక రష్యన్ స్కీయర్ దాని వల్లే చనిపోయారు. లంకల్లో గట్టు కోత చూసినవారికి దీని పద్ధతి అర్థమవుతుంది. పైన ఒండ్రు గట్టిగానే కనిపిస్తుంది, కొబ్బరిచెట్లు నిటారుగా నిలబడి ఉంటాయి. అడుగున ఇసుక పొర జారిపోయాక ఆ గట్టంతా ఒకే పలకగా నదిలోకి ఒరుగుతుంది. మంచు కొండ కూడా పొరలు పొరలే. శీతాకాలం మొదట్లో పలుచగా పడి, పొడి చలిలో వారాల తరబడి ఉన్న మంచు పంచదార పలుకుల్లా విడివిడిగా మారుతుంది. దాని మీద ఒక్క అలజడి రెండు రోజుల్లో మీటరు మంచు దించితే, ఆ బరువును మోసే బలం కింద లేదు. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో ఒక మనిషి బరువు చాలు, పలక తెగుతుంది. ఆశ పెట్టుకుని వారాలు ఎదురుచూసిన తరువాత కురిసిన మొదటి పెద్ద మంచు కనుక అందరూ ఆ రోజే పైకి పరుగెత్తుతారు. ఆగవలసిన రోజు కూడా అదే. గుర్తులు పెట్టిన వాలులు దాటి స్థానిక గైడు లేకుండా వెళ్లకూడదన్న హెచ్చరిక ప్రాణాలు పోయాక రాసింది, దాన్ని లాంఛనంగా చూడవద్దు.

శరీరం విషయం. కోనసీమ సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తున ఉంది. అఫర్వట్ భుజం మీద గాలి ఒత్తిడి ఇక్కడి దానిలో మూడింట రెండు వంతుల కంటే తక్కువ. గొండోలా అరగంటలో ఎక్కించేస్తుంది గాని ఊపిరితిత్తులకు అంత తొందర తెలియదు. తలనొప్పి, వికారం వస్తే దిగిపోవడమే మందు. శ్రీనగర్‌లో ఒక రాత్రి, గుల్మార్గ్‌లో ఒక రాత్రి గడిపాక పైకి వెళ్లడం పెద్దవారికి మేలు. రెండోది ఎండ. తాజా మంచు తన మీద పడిన వెలుగులో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది, కాబట్టి ఎండ పైనుంచీ కిందినుంచీ కాస్తుంది. చలిలో ఉన్నామని నల్లకళ్లద్దాలు తీసేస్తే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టవుతుంది. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఉన్ని నయం. మిగిలిన బూట్లు, పైకోట్లు టంగ్‌మార్గ్‌లో అద్దెకు దొరుకుతాయి. అక్కడి నుంచి పైకి 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, మంచు రోజుల్లో చక్రాలకు గొలుసులు కట్టిన బండి తప్పనిసరి.

యాత్ర బాగా జరగాలంటే మనం దేని కోసం వెళ్తున్నామో ముందు తేల్చుకోవాలి. కురిసే మంచులో తడవాలన్న కోరిక ఒకటి, తెల్లని శిఖరాలు చూడాలన్నది మరొకటి, స్కీ నేర్చుకోవాలన్నది ఇంకొకటి. ఈ మూడూ ఒకే రోజు దొరకవు. అలజడి వచ్చిన రోజు మంచు కురుస్తుంది, కాని శిఖరం కనిపించదు, విమానాలు ఆగుతాయి, గాలికి గొండోలా రెండో దశ మూతపడుతుంది. వరద రోజుల్లో పాపికొండల లాంచీలు ఆగిపోతే ఎవరినీ తప్పుపట్టం, ఇదీ అలాంటిదే. అలజడి దాటిన మరునాడు నీలాకాశం, అంతటా తెలుపు. చూడదలచినవారికి అదే రోజు. నేర్చుకోదలచినవారికి మైదానం పక్కన ఉన్న చిన్న వాలులే చాలు, పైకి వెళ్లే పనే లేదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి శ్రీనగర్ దిగిపోయే ప్యాకేజీలో ఇవేవీ కుదరవు. కనీసం రెండు రాత్రులు గుల్మార్గ్‌లో ఉంటేనే ఒక రోజు చెడినా ఇంకొక రోజు మిగులుతుంది. నా మటుకు నాకు ఆ ఒక్క మార్పే అన్నిటికంటే విలువైనదనిపిస్తుంది.

తేదీలే పెద్ద తగాదా. మనకు సెలవులు సంక్రాంతికి. ఇటీవలి శీతాకాలాల్లో మంచు ఆలస్యమవుతూ ఫిబ్రవరి, మార్చి నెలల్లోకి జరిగిన సందర్భాలు చూశాం, అప్పుడేమో ఇంటర్ పరీక్షలు. మే నెల సెలవుల్లో గుల్మార్గ్ మైదానం పచ్చిక, పూలు. అఫర్వట్ పైభాగంలో మాత్రం ఇంకా మంచు మిగిలి ఉండడం సాధారణం. పిల్లలు మంచును చేతితో తాకితే చాలు, స్కీయింగ్ అక్కరలేదు అనుకునే కుటుంబానికి మే నెలలో ఆ రెండో దశ ప్రయాణమే సరిపోతుంది. ఈ మాట ప్యాకేజీల వారు చెప్పరు, కరపత్రంలో చూరు దాకా మంచు వేయడం కుదరదు కనుక.

మా అన్నయ్య మళ్లీ వెళ్లాలని పట్టుదలగా ఉన్నాడు. పెద్దమ్మాయి ఇంటర్‌కు వచ్చేలోగా, ఒక ఫిబ్రవరి ఆఖరి వారంలో, తేదీ మార్చుకునే వీలున్న టిక్కెట్లతో. ధవళేశ్వరం అంకెలు చూసే అలవాటుతోనే ఇప్పుడు శ్రీనగర్ వాతావరణ కేంద్రం ఇచ్చే సూచనలు చూస్తున్నాడు. పడమటి అలజడి వస్తోందంటే నాలుగైదు రోజుల ముందే తెలిసిపోతుంది. అక్కడి హోటలుకు ఫోను చేసి అడగవలసినవి ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాడు: మైదానంలో ఎంత, కోంగ్‌డోరిలో ఎంత, కొత్తగా పడింది ఎప్పుడు, నిన్న రెండో దశ నడిచిందా, చిన్న వాలులను యంత్రంతో చదును చేశారా. కాగితం అడుగున ఇంకొక ప్రశ్న ఉంది, అమ్మ చెప్పి రాయించినది: గడ్డి కనిపిస్తోందా?